కాగితం చాటు మాట
(పదకొండో భాగం)

కిందటి వారం మనం వనితను కరీంనగర్ వినియోగదారుల కమిషన్ మెట్ల మీద వదిలిపెట్టాం. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో తండ్రి మోచేయి. ఆమెది సిరిసిల్ల, ఇంటిపేరు కోడం, పని చీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం. "ఎనిమిది కోర్లు, ఎనిమిదింతల పని" అన్న పాంప్లెట్‌ను నమ్మి కొన్న కంప్యూటర్ మీద ఆమె కేసు వేసి ఏడాదిన్నర అయింది. పెట్టెలో కోర్లు, అంటే పనిచేసే మెదళ్లు, ఎనిమిది ఉన్న మాట నిజమే. రెండేసి కలిసి ఒక్కో లెక్కల భాగాన్ని పంచుకుంటాయనీ, బరువైన పని పెడితే నాలుగింటి పనే జరుగుతుందనీ మాత్రం ఆ రంగుల కాగితంలో ఏ మూలా లేదు. పండుగ చీరల డిజైన్లు గడువులోగా తెమలలేదు. ఆమె డిజైన్లను నమ్ముకుని కూర్చున్న నేతగాడు లచ్చయ్య చివరికి తన నాలుగు సాంచాలను పాత ఇనుము కింద తూకానికి వేశాడు. సాంచా అంటే మరమగ్గమని సిరిసిల్లవాళ్లకు చెప్పనక్కర్లేదు, తతిమ్మావాళ్ల కోసం చెబుతున్నాను.

కేసు ఇప్పుడు ఒక్క మాట మీద నిలబడి ఉంది. పాంప్లెట్‌లో రాసింది ఊరికే పొగడ్త, హామీ కాదు అంటోంది కంపెనీ. కానీ యంత్రం బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి ప్రణయ్ "ఎనిమిదీ వేటికవే పనిచేస్తాయి" అని నోటితో చెప్పాడు. ఆ రోజు వనిత ఇంట్లో లేదు. ఆ మాట అందుకున్నది ఆమె తండ్రి రాజలింగు ఒక్కడే. "నా చెవులారా విన్నాను" అని ఆయన పేరున ప్రమాణపత్రం రాయించింది వనిత వకీలు లింగమూర్తి.

ఆ చెవులు వినిపించుకోవడం మానేసి ఆరేళ్లయింది. అదీ చిక్కు. నలభై ఏళ్లు సాంచాల మోతలో నిలబడ్డ మనిషికి చెవులేం మిగులుతాయి? రాజలింగు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. కూతురికి తెలుసు. నిన్న మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేక లింగమూర్తి ఆఫీసులో బయటపెట్టింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "గీ ముచ్చట నీ కడుపుల, నా కడుపుల ఉండాలె బిడ్డా. మూడోమనిషికి తెలిస్తే కేసు బొందల పడుతది" అన్నాడు.

ఇక లోపలికి పోదాం.

కమిషన్లో మామూలుగా అంతా కాగితాల మీదే నడుస్తుంది. సాక్షిని నిలబెట్టి ప్రశ్నించడం అరుదు. హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ వకీలు భానుప్రసాద్ పట్టుబట్టి ఆ అనుమతి తెచ్చుకున్నాడు. మనిషి చక్కగా దువ్విన తల, నవ్వితే పలువరస కనబడే నోరు. ఆ నోరు బాగా కనబడటం చూసి వనిత ఊపిరి పీల్చుకుంది. మీసం లేదు, గడ్డం లేదు. మాట పట్టుకోవడం బాపుకు తేలికే.

"రాజలింగు గారూ, ఈ రాత మీదేనా?" భానుప్రసాద్ ఒక పచ్చకాగితం చేతికిచ్చాడు.

"నాదే సార్."

"అధ్యక్షురాలు మేడం గారికి వినబడేలా చదవండి."

రాజలింగు కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "'ఎనిమిది నడుస్తున్నయి. మంచిగ ముట్టింది. కోడం రాజలింగు.'"

వనిత ముందుకు వంగి చూసింది. ఈ కాగితం సంగతి ఆమెకు తెలియదు. ఏడాదిన్నరగా బాపు ఒక్కసారీ అనలేదు. లింగమూర్తి వైపు చూస్తే ఆయన పైకప్పుకేసి చూస్తున్నాడు.

"చూశారా మేడం. ఎనిమిదీ నడుస్తున్నాయని, యంత్రం మంచిదని వీరే రాసిచ్చారు. తండ్రి మెచ్చుకున్న వస్తువును కూతురు తిడుతోంది."

"సార్ది ఏ ఊరు?" అన్నాడు రాజలింగు.

"ప్రశ్నలు నేను అడగాలి."

"అట్లగాదు సార్. ముట్టిందంటే చేతికందింది అని. మంచిగ ముట్టింది అంటే తొవ్వల పలగకుంట, చెడకుంట అందింది అని. గంతే. మాకు సేటు కాడికెళ్లి భీము వస్తే గూడ చిట్టీ మీద గట్లనే రాస్తం. భీమంటే నూలు చుట్టిన దూలం, మేడం. చుట్టి ఉన్నప్పుడు దాని లోపట ఏమున్నదో చుట్టినోనికి తప్ప బ్రహ్మకు గూడ తెల్వది. నేసుకుంట పోతాంటెనే యాడ పోగు కుళ్లిందో తెలుస్తది. అందుకే మేం ముట్టింది అనే రాస్తం. మంచిదని ఏ సాలెయన రాయడు."

బల్ల అవతల అధ్యక్షురాలు తల ఎత్తింది. యాభై దాటిన మనిషి, పొద్దుటి నుంచి ఒక్కసారీ నవ్వలేదు.

"మరి ఎనిమిది నడుస్తున్నాయని ఎందుకు రాశారు?" భానుప్రసాద్ గొంతు కొంచెం పెరిగింది.

"టీవీల ఎనిమిది గీతలు ఆడుతాంటే బిగించ వచ్చిన గీ పిల్లగాడు సూపెట్టిండు. కండ్లతోటి చూసిన, రాసిన. ఒక్క మోటరుకు రెండు సాంచాలు కడితె, చూసెటోనికి రెండూ ఆడుతనే ఉంటయి సార్. బట్ట కొలిచిన్నాడు గద ఎరుకయ్యేది. గందుకే బిగించెటప్పుడే అడిగిన, ఏమయ్యా, ఎనిమిదికి ఎనిమిది మోటర్లున్నయా, జోడుజోడు కట్టిండ్రా అని. 'లేదు తాతా, ఎనిమిదీ వేటికవే' అన్నడు. అన్నంకనే సంతకం పెట్టిన."

అధ్యక్షురాలు ఏదో రాసుకుంది. వనితకు ఏడుపొచ్చినంత పనైంది. నలుగురు ఇంజనీర్లు ఏడాదిన్నర కాగితాలు నింపినా తేల్చలేని సంగతిని ఏడో తరగతి దాటని మనిషి నాలుగు మాటల్లో తేల్చేశాడు. కేసు గెలుస్తామని ఆమెకు మొదటిసారి అనిపించింది. అనిపించకుండా ఉంటే బాగుండేది.

భానుప్రసాద్ రెండు నిమిషాలు గడువు అడిగి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ ప్రణయ్ నిలబడి ఉన్నాడు, కాళ్ల దగ్గర కంపెనీ సంచీతో. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ప్రణయ్ చెబుతున్నాడు, వకీలు వింటున్నాడు, మధ్యలో ఒక్కసారి పలువరస మెరిసింది. పైన పాత ఫ్యాను గడగడమంటోంది. పక్కనే కూర్చున్నవాళ్లకు కూడా వాళ్ల మాట అందే వీల్లేదు.

రాజలింగు కిటికీకేసి చూస్తూ నిలబడ్డాడు. బయట బస్టాండు రోడ్డు తప్ప చూడటానికి ఏమీ లేదు. బాపూ, జర ఇటు చూడరాదే అని వనిత మనసులో విసుక్కుంది. చూస్తుండగానే ఆయన ముఖంలో నెత్తురు దిగిపోయింది. చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. కిటికీ నుంచి చూపు తిప్పి వనితను చూశాడు, లింగమూర్తిని చూశాడు, మళ్లీ వనితను చూశాడు. పొద్దున తిన్నది ఒక్క ఇడ్లీ, కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుంది ఆమె.

భానుప్రసాద్ తిరిగొచ్చాడు. ఈసారి ఒక పొడుగాటి కాగితం చేతిలో ఉంది. చదువుతున్నట్టు దాన్ని ముక్కు దాకా ఎత్తి పట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. గొంతు మెత్తబడింది.

"మీరు ఆ కంప్యూటర్ను ఎప్పుడూ నడపలేదు, అవునా?"

రాజలింగు కాగితం కేసి చూశాడు. "ఆ" అన్నాడు.

అది నిజమే కాబట్టి ప్రమాదం లేదు. కానీ ఆ "ఆ" వినగానే వనిత చేతిలో ఫైలు మూసేసింది. ఆమెకు ఆ "ఆ" తెలుసు. సాంచాల షెడ్డులో ఎవరేమన్నా ఎవరికీ వినబడదు. సేటు ఏదో అరుస్తాడు, జమాదారు ఏదో అరుస్తాడు, పనివాడు తలూపి "ఆ" అంటాడు. మళ్లీ అడిగితే చెవుడంటారు, చెవుడంటే పనిలోంచి తీసేస్తారు. నలభై ఏళ్లు అన్నం పెట్టిన అక్షరం అది.

"అసలు ప్రణయ్ మీతో ఎనిమిదీ వేటికవే అనలేదు. మీ అమ్మాయి చెప్పమంటే చెబుతున్నారు. అంతేనా?"

"ఆ."

రాసుకునే గుమాస్తా తలెత్తి చూసి, మళ్లీ రాశాడు.

"ఈ కేసు అబద్ధపు కేసు."

"ఆ."

వనిత లేవబోయింది. భుజం మీద లింగమూర్తి చెయ్యి పడింది. "కూసో బిడ్డా. నువ్వు లేస్తే ఆయన చెవుల సంగతి బయటవడుతది. చెవులారా విన్నానన్న కాయితం చిత్తయితది. నేను చూసుకుంట" అన్నాడు చిన్నగా. చూసుకుంటానన్న మనిషి మాత్రం లేవలేదు, అభ్యంతరం చెప్పలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. నోరు మూసుకుంటే బాపు అన్న మూడు "ఆ"లు కేసును పాతిపెడతాయి. నోరు విప్పితే ప్రమాణపత్రం చిరిగిపోతుంది, బాపు గుట్టు నలుగురిలో పడుతుంది. ఆయన ఇప్పుడు నూలు గోదాముకు కాపలా ఉంటున్నాడు. చెవుడున్నవాణ్ని కాపలాకు ఎవరు పెట్టుకుంటారు? పైగా ఆయన దాచుకున్నది చెవుడు ఒక్కటే కాదు.

అమ్మ పోయిన రోజు వనితకు గుర్తొచ్చింది. సమ్మవ్వ మంచంలోంచి నీళ్లడిగింది. రాజలింగు నాలుగడుగుల దూరంలో గడప మీద వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. వనిత బజారు నుంచి వస్తూ వీధిలోంచే ఆ పిలుపు విని పరుగెత్తి వచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయింది. రాతిగుండెవాడు, పెండ్లాం నీళ్లడిగినా లేవలేదని వాడకట్టంతా ఆడిపోసుకుంది. ఆయన ఒక్కమాట ఎదురు చెప్పలేదు. వినబడలేదని చెప్పుకోవడం కంటే రాతిగుండెవాడు అనిపించుకోవడమే మేలనుకున్నాడు. వనిత ఆ రోజే తెలుసుకుంది, తెలిసినట్టు ఇంతవరకు కనబడనివ్వలేదు. అది ఆయనకు తాను ఇచ్చే మర్యాద అనుకుంది.

ఆ మర్యాదను ఇవాళ తన చేత్తోనే చింపేయాలి.

లింగమూర్తి చేతి కిందనుంచే ఆమె లేచి నిలబడింది. ఆ చెయ్యి భుజాన్ని వదలకుండా ఆమెతోపాటు పైకి లేచింది, వెనక మనిషి కూడా లేవాల్సి వచ్చింది.

"మేడం, మా బాపుకు చెవులు ఇనబడయి" అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆరేండ్లాయె. వకీలు సారు మూతికి కాయితం అడ్డం పెట్టుకొని అడిగిండు. మా బాపుకు ఒక్కమాట గూడ ముట్టలే. ఇనబడనప్పుడు ఆయన ఆ అంటడు. సాంచా పనోళ్లందరు గట్లనే అంటరు."

భానుప్రసాద్ కాగితం దించాడు. నవ్వుతున్నాడు. ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా నవ్వాడు.

"సంతోషం మేడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. అయితే ఒక్కటే సందేహం. ఆరేళ్లుగా వినబడని మనిషి ఏడాదిన్నర కిందట మా ప్రణయ్ మాటను చెవులారా ఎలా విన్నట్టు? ప్రమాణపత్రం ఇదిగో. సంతకం వీరిదే. ఇప్పుడు అబద్ధం తండ్రిదో కూతురిదో కమిషన్ వారే తేల్చాలి."

అధ్యక్షురాలి ముఖం గట్టిపడింది. "తప్పుడు ప్రమాణం చేస్తే ఏమవుతుందో తెలుసామ్మా?" అంది వనితతో.

వనిత తండ్రి కేసి చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఇప్పటిదాకా ఆమె అన్న ప్రతి మాటనూ పెదవుల మీద చదివినట్టున్నాడు. ఆ కళ్లలో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. కోపం లేదు. పరాయివాళ్ల ముందు పంచె జారిపోయిన పెద్దమనిషి ముఖం అది. ఆమెకు చచ్చిపోవాలనిపించింది.

రాజలింగు రెండు చేతులూ జోడించాడు. "మేడం, నా బిడ్డ చెప్పింది నిజం. నాకు ఇనబడది. చెవులారా అని రాసింది నేను గాదు, వకీలు సారు. చదివి ఇనిపిస్త అన్నడు. ఇనిపిస్తే నాకు ఏం ఇనబడుతది? సంతకం పెట్టిన. గదొక్కటి నా తప్పు. గని పిల్లగాని మాట మాత్రం అబద్ధం గాదు. నేను ఇనలే మేడం. చూసిన."

"చూడటమేమిటి?"

"మూతి చూస్తే మాట తెలుస్తది. షెడ్డుల గీ కొసకు ఒకలు, గా కొసకు ఒకలు నిలవడి గట్లనే ముచ్చట వెట్టుకుంటం. మోతల నోరు చించుకుంటె ఏమొస్తది? చూస్తే అయిపాయె."

భానుప్రసాద్ ఏదో అనబోయాడు. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది. కుర్చీలో ముందుకు జరిగింది. రాజలింగు ముఖంలోకి సూటిగా చూస్తూ, గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపింది. హాల్లో ఎవరికీ ఏమీ వినబడలేదు. ఫ్యాను మాత్రం గడగడమంటోంది.

"ఆమె పేరు సమ్మవ్వ మేడం" అన్నాడు రాజలింగు. "పోయి నాలుగేండ్లు."

అధ్యక్షురాలు కుర్చీలో వెనక్కి వాలింది. "మీ భార్య పేరేమిటని అడిగాను" అంది, అందరికీ వినబడేలా. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకోండి" అంది.

వనిత కళ్లు తుడుచుకుంది. భానుప్రసాద్ నవ్వు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. కిటికీ దగ్గర ప్రణయ్ మాత్రం ఉన్నట్టుండి అరచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆలస్యమైపోయింది. గోడలకు చెవులుంటాయని పెద్దలు జాగ్రత్త చెప్పారు గానీ, చెవిటివాడికి కళ్లుంటాయని చెప్పడం మరిచిపోయారు.

"ఇంకో మాట మేడం" అన్నాడు రాజలింగు. "ఇందాక గా ఇద్దరు కిటికీ కాడ మాట్లాడుకున్నరు. నేను కావాలని చూడలే. కండ్లవడ్డది. అది చూసినకాడికెళ్లి నా మనసు మనసుల లేదు. గందుకే ఏదడిగినా ఆ అన్న. చెప్పమంటె చెప్త."

"మేడం, నా క్లయింటుకూ నాకూ మధ్య జరిగిన మాట..." భానుప్రసాద్ గొంతు చించుకున్నాడు.

"మీరు కూర్చోండి. చెప్పండి రాజలింగు గారూ."

"గీ పిల్లగాడు అన్నడు, 'సార్, నేను వేటికవే అన్న మాట నిజమే, ముసలాయన మరవలే' అని. సారు 'ఇప్పుడెట్ల' అన్నడు. అప్పుడు పిల్లగాడు..." రాజలింగు ఆగాడు. "'ముసలాయనకు చెవుడట సార్. మూతి చూసి చెప్తడట. మూతికి కాయితం అడ్డం పెట్టుకొని అడగుండ్రి, అన్నిటికి ఆ అంటడు. నిన్న పొద్దుమూకి వాళ్ల మనిషే ఫోన్ చేసి చెప్పిండు' అన్నడు."

"ఎవరు ఫోన్ చేశారు?"

రాజలింగు బదులు చెప్పకుండా కూతురి కేసి తిరిగాడు. "బిడ్డా, నాకు చెవుడని నీకు ఎరుకైన సంగతి నాకు గిప్పుడే తెలిసె. నువ్వు ఎవలకు చెప్పినవో యాది చేసుకో" అన్నాడు.

యాది చేసుకోవడానికి ఏముంది? ఆమె చెప్పింది ఒక్కరికే. ఆ ఒక్కరి చెయ్యి ఆమె భుజం మీద ఇంకా అలాగే ఉంది.